గేజీ బుక్కులో నేను రాసిన నీళ్లు

మా నాయిన కాలువ మీద లస్కర్. సర్కారు పనే గాని ఔట్‌సోర్సింగ్, ఏటేటా మళ్లీ సంతకం పెట్టించుకుని నిలుపుకోవాల్సిన పని. నడిగూడెం అవతల తన హద్దులో ఉన్న కాలువ కట్ట మీద సైకిల్ వేసుకుని తిరిగేవాడు. తూములు చూసేవాడు, దొంగ పైపులు పీకించేవాడు. రోజుకు మూడుసార్లు గేజీ చూసేవాడు. గేజీ అంటే కాలువ గోడకు తెల్లరంగు వేసి నల్ల గీతలతో అడుగులూ అంగుళాలూ గుర్తుపెట్టిన పట్టీ. నీళ్లు ఏ గీత దగ్గర ఉన్నాయో చూసి పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకాన్ని అందరూ గేజీ బుక్కు అంటారు.

నాయినకు అంకెలు వచ్చు గాని రాత కుదరదు. అందుకని అంకెలను లస్కర్ గది తలుపు లోపలి వైపు సుద్దముక్కతో రాసుకునేవాడు. శనివారం సాయంత్రం ఆ అంకెలన్నీ ఒక కాగితం మీద ఎక్కించుకుని, గేజీ బుక్కు సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. వారం మొత్తం నేను ఒక్కసారే ఫెయిర్ చేసేదాన్ని. పదో తరగతిలో మొదలుపెట్టాను, డిగ్రీ అయిపోయి కోదాడలో జిరాక్స్ షాపులో పనికి కుదిరాక కూడా నేనే రాశాను. మా ఒక్క ఇంట్లోనే కాదు, లస్కర్ల ఇళ్లన్నిట్లో ఇంతే. ఒకరింట్లో భార్య రాస్తుంది, ఇంకొకరింట్లో కోడలు.

ఎలా రాయాలో నేర్పింది వర్క్ ఇన్‌స్పెక్టర్ సారు. మా ఇంటి అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ చెప్పాడు.

"రెండు లైన్ల నడుమ నాలుగు అంగుళాల కన్న ఎక్కువ తేడా రావొద్దు బిడ్డా. వస్తే పక్కన రిమార్కుల గడి ఉంటది సూడు, అండ్ల కారణం రాయాలె. కారణం రాస్తే పైనోళ్లు అడుగుతరు. పైనోళ్లు అడిగితే నేను మీ నాయిన్ని అడగాలె."

"మరి నీళ్లు నిజంగనే ఎక్కువ లేస్తే?" అన్నాను.

"నీళ్లు లేస్తయ్, దిగుతయ్. బుక్కుల ఎందుకు లేస్తయ్?" అని నవ్వాడు. నాయిన కూడా నవ్వాడు. నేనూ నవ్వానేమో, గుర్తు లేదు.

ఆ పని నాకు బాగా వచ్చింది. ఈ మాట రాయడం కష్టంగా ఉంది గాని నిజం. ఒకే అంకె వరసగా పడితే అనుమానం వస్తుందని పొద్దున ఐదడుగుల రెండు అంగుళాలు, మధ్యాహ్నం ఐదు మూడు, సాయంత్రం ఐదు ఒకటి అని రాసేదాన్ని. వారం మధ్యలో పెన్ను మార్చేదాన్ని, ఒక్కసారే కూర్చుని రాసినట్టు కనపడకుండా. ఎప్పుడైనా ఒక అంకె కావాలని కొట్టేసి పక్కన దిద్దేదాన్ని. ఇన్‌స్పెక్టర్ సారు చూసి, "నీ బిడ్డ రాసిన బుక్కు పట్టుకపోతె ఎవడు అడ్డమడగడయ్యా" అని నాయినతో అన్నాడు. బడి బయట నన్ను ఎవరైనా మెచ్చుకున్నది అప్పుడే. నలుగురిలో నోరు విప్పలేని దాన్ని. చదివిన కథలూ, మనసులో మాటలూ డైరీలో రాసుకుని ఊరుకునేదాన్ని. ఆ మెప్పు కూడా డైరీలో రాసుకున్నాను.

నీళ్లు ఎందుకు అంత ఎక్కువ తక్కువ అయ్యేవో చెప్పాలి. మా గేజీకి కొంచెం ఎగువన కాలువ ఒక్కసారిగా కిందికి దూకుతుంది. అక్కడ ఒక ప్రైవేటు కంపెనీవాళ్లు సర్కారు అనుమతితో కరెంటు మిషన్ పెట్టారు. నీళ్లు వచ్చినవి వచ్చినట్టే కిందికి పోవాలి, పట్టి ఆపొద్దు అని వాళ్ల అనుమతి కాగితంలో ఉంది. మిషన్ ఆగి మళ్లీ మొదలయ్యే ముందు సైరన్ మోగించాలని కూడా ఉంది. కానీ వాళ్లు అప్పుడప్పుడు కాసేపు నీళ్లను గేట్ల దగ్గర ఆపి, నిండాక వదిలేవారు. అక్కడి ఆపరేటర్ కోదాడ దాటి అవతల, ఆంధ్రా వైపు మనిషి. నాయినకు ఫోన్ చేసేవాడు. "అన్నా, ఇంకాసేపట్లో వదిలేస్తున్నామండీ, కాస్త చూస్కోండి." అదే సైరన్. అసలు సైరన్ ఎప్పుడు మూగబోయిందో ఎవరికీ గుర్తు లేదు.

గేజీకి దిగువన బట్టలుతికే మెట్లు. అవతలి గట్టు మీద తండా. ఆ తండా పెద్దమ్మ ఒకామె రోజూ ఆ మెట్ల దగ్గరే కనపడేది. నేను బస్సు కోసం కట్ట మీద నడిచి వెళ్తుంటే నీళ్లలోంచే పిలిచేది.

"ఓ కలెక్టరమ్మా! తల ఎత్తి నడువు. కాళ్ల కాడ ఏమన్న పారేసుకున్నవా?"

నేను తల ఇంకా దించుకుని నవ్వేదాన్ని. "గీ పిల్లకు నోరుందో లేదో వాళ్లమ్మకన్న ఎరికేనా" అని పక్కవాళ్లతో అనేది. అందరూ నవ్వేవాళ్లు. ఆమె మాట్లాడితే నాకు కోపం వచ్చేది కాదు.

నాట్ల కాలంలో ఒక గురువారం పొద్దున ఆమె బొంతలు ఉతకడానికి దిగింది. నాయిన అప్పుడే గేజీ చూసి తలుపు మీద ఐదు రెండు అని రాసి, తూము దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు ఫోన్ రాలేదు. నాయిన తిరిగొచ్చేసరికి నీళ్లు ఆరడుగుల పది అంగుళాల మీద ఉన్నాయి. మెట్లు కనపడటం లేదు. ఒక బొంత దిగువన తూము కమ్మీకి చిక్కుకుని ఉంది. తండావాళ్లు కేకలేస్తూ కట్ట మీద పరుగెత్తుతున్నారు. ఆమె మూడో రోజు దొరికింది.

నాయిన ఆ గురువారం సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఒకటే మాట అన్నాడు. "ఐదు రెండుల నుంచి ఆరు పది. అడుగు మీద ఎనిమిది అంగుళాలు. ఒక్క గంటల." నేను ఆ అంకెలు డైరీలో రాశాను. కింద ఆమె నన్ను కలెక్టరమ్మా అని పిలిచేదని రాశాను. అంతకంటే రాయలేకపోయాను.

పోలీసులు వచ్చి కాగితాలు రాసుకుని పోయారు. ప్రమాదవశాత్తు కాలుజారి నీళ్లలో పడి అని రాశారు.

శనివారం గేజీ బుక్కు ఇంటికి వచ్చింది.

"నాయినా, గురువారం ఎట్ల రాయాలె?"

నాయిన నా వైపు చూడలేదు. సైకిల్ చెయిను సరిచేస్తున్నాడు. "ఎప్పటి లెక్కనే రాయి."

"ఆరు పది అన్నవు గద?"

"అంటే? రిమార్కుల ఏం రాస్తవ్? రాసి ఎవలికి జవాబు చెప్తవ్?"

ఐదు రెండు, ఐదు నాలుగు, ఐదు రెండు అని రాశాను. ఆ వారం కూడా మధ్యలో పెన్ను మార్చాను.

కొన్ని నెలలు గడిచాయి. పంచాయతీ ఆఫీసు గోడకు ఒక నోటీసు అంటించారు. కరెంటు మిషన్ కంపెనీకి ఇచ్చిన అనుమతి గడువు తీరిపోతోంది, మరో ఇరవై ఏళ్లకు పొడిగించాలని వాళ్లు అడుగుతున్నారు, పొడిగించే ముందు హైదరాబాద్ నుంచి కమిటీ వచ్చి మిషన్‌ను చూస్తుంది, ఊరివాళ్ల మాట వింటుంది అని అందులో ఉంది. అది చదివినప్పుడు నాకు భయం వేయలేదు. అది వేరే ఎవరి వ్యవహారమో అన్నట్టు చదివి వెళ్లిపోయాను.

మీటింగు రోజు షామియానా వేశారు. కమిటీకి పెద్ద ఒక మేడమ్. మెత్తగా మాట్లాడే మనిషి. అందరికీ మంచినీళ్లు అందాయా అని అడిగింది. నేను ఆడవాళ్ల వరసలో వెనక కూర్చున్నాను.

మొదట ఒక ముసలాయన లేచాడు. "మేడమ్, గా మిషన్ల పుట్టె కరెంటు మా ఊరికి రాదు. సప్పుడు మాత్రం మస్తు వస్తది. జర సప్పుడన్న ఆపుండ్రి, లేకుంటె కరెంటన్న ఇయ్యుండ్రి."

అందరూ గొల్లుమన్నారు. మేడమ్ కూడా నవ్వి రాసుకుంది. ఇంకొకరు కట్ట మీద రోడ్డు కావాలన్నారు. తరువాత తండా పెద్దమ్మ భర్త లేచాడు. ఆమె పోయాక ఆయన మిర్యాలగూడలో బిడ్డ దగ్గర ఉంటూ రైసు మిల్లులో పనికి పోతున్నాడు. పని మానుకుని వచ్చాడు. పెదనాయిన అని పిలిచేదాన్ని ఆయన్ని.

"నాకు ఏం వద్దు మేడమ్" అన్నాడు. "మిషన్ ఉండనీ, పోనీ. కాయితంల కాలుజారింది అని రాసిండ్రు. నా పెండ్లాం ముప్పై ఏండ్లు గా మెట్లు దిగింది. కడుపుతోని దిగింది, బిందెలు ఎత్తుకోని దిగింది. ఆమె జారలే. నీళ్లు లేసినయ్. సైరన్ కొట్టలే. గది రాయుండ్రి, సాలు."

కంపెనీ మేనేజరు లేచాడు. "మేడమ్, ఆయన బాధ మాకు అర్థమవుతుందండీ. కానీ ఆ రోజు మేం నీళ్లు ఆపలేదు. కావాలంటే సర్కారు వాళ్ల గేజీ బుక్కే చూడండి. అది మా చేతిలో ఉండదు కదా."

మేడమ్ గేజీ బుక్కు తెప్పించింది. పేజీలు తిప్పింది. ఆ రోజు దగ్గర ఆగి వేలు పెట్టి పైకే చదివింది. ఐదు రెండు. ఐదు నాలుగు. ఐదు రెండు. ఆ ముందరి వారం చూసింది, ఆ తరువాతి వారం చూసింది. తొందరపడి చూడలేదు. నిజంగానే చూసింది.

"రికార్డు చాలా శుభ్రంగా ఉంది. రెండంగుళాలకు మించి తేడా కనపడటం లేదు" అంది.

పెదనాయిన బుక్కు వైపు చెయ్యి చూపించాడు. "ఎవలు రాసిండ్రు గది?"

నాయిన వెనక నుంచి లేచాడు. "నేనే రాసిన."

వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే కాలువ మీద ఎన్నో ఏళ్లు పొద్దున్నే పలకరించుకున్న మనుషులు. పెదనాయిన కూర్చోలేదు. షామియానా బయటికి నడిచి వెళ్లిపోయాడు. నాకు లేవాలని ఉంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఎవరికైనా ఇంకా చెప్పేది ఉంటే పదిహేను రోజుల్లో సూర్యాపేట ఆఫీసులో రాసి ఇవ్వొచ్చని మేడమ్ చెప్పింది. మీటింగు అయిపోయింది.

నేను రాసి ఇస్తానని ఇంట్లో చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది.

"రాస్తే నా పని పోతది" అన్నాడు నాయిన.

"తెలుసు."

"తెలిసే రాస్తవా?"

అమ్మ మధ్యలో వచ్చింది. "పోయిన మనిషి వస్తదా? ఈ ఏడు సంతకం కాకుంటె ఏం తిందమనుకున్నవే?"

నాకు జవాబు చెప్పడం రాదు. మర్నాడు పొద్దున నేను బస్సుకు బయలుదేరుతుంటే నాయిన వాకిట్లో ఆపాడు. "గా ఆరు పది నేను చెప్పిన అంకె అని రాయి. లేకపోతే నువ్వు కల్పించినవంటరు. కింద నా సంతకం గుడ పెడత."

ముందుగా పెదనాయినకు చెప్పాలనిపించింది. ఆదివారం మిర్యాలగూడ బస్సెక్కాను. మిల్లు వెనక వాళ్లు ఉండే కిరాయి గది. తలుపులో ఆయన బిడ్డ నిలబడి ఉంది. తవుడు దుమ్ము అన్నిటి మీదా ఉంది, ఆమె కనుబొమ్మల మీద కూడా. వచ్చిన పని చెప్పాను. మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పాను. లేకపోతే ఆగిపోతానని భయం.

"నువ్వు రాసినవా?" అంది ఆమె. "యాడి నిన్ను ఎంత ముద్దుగ పిలుస్తుండె. ఇన్ని నెలలకు యాదికొచ్చిందా?"

వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ. పెదనాయిన లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు. డైరీ చూపించమన్నాడు. ఆయనకు చదువు రాదు.

"ఏది? ఆరు ఏది?"

చూపించాను. వేలు దాని మీద పెట్టాడు. గోరు కింద తెల్లటి పిండి.

"గింతేనా" అన్నాడు. "గింత అంకెనా."

చాయ్ ఇవ్వలేదు. కూర్చోమని కూడా అనలేదు. కానీ సూర్యాపేటకు ఏ రోజు రావాలో అడిగాడు.

ముగ్గురం వెళ్లాం. నాయినా, పెదనాయినా బస్సులో వేరువేరు సీట్లలో కూర్చున్నారు. ఆఫీసులో గుమాస్తా ఒకాయన నా కాగితం రెండుసార్లు చదివి, డైరీ పేజీ జిరాక్సు చూశాడు.

"ఇది డైరీ అమ్మా. రికార్డు కాదు."

"రికార్డు నేనే రాసిన సార్. అది తప్పు."

"అంటే సర్కారు బుక్కుల అబద్ధం రాసిన అని నువ్వే చెప్తున్నవ్. గంత చక్కగ అబద్ధం రాసినదానివి, ఈ డైరీ నిజమని మేం ఎట్ల నమ్మాలె?"

ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. నాయిన ముందుకు వచ్చి, "సార్, నేను కండ్లతోని చూసిన" అన్నాడు. "మీటింగుల నేనే రాసిన అన్నవట గదయ్యా. ఇప్పుడు నీ బిడ్డ రాసిందంటున్నవ్. ఏదన్న ఒకటి చెప్పు" అన్నాడు గుమాస్తా. నాయిన వెనక్కి జరిగాడు. చివరికి ముద్ర వేసి కాగితం తీసుకున్నారు.

నెల తిరగకముందే నాయినను పనిలోంచి తీసేశారు. ఇన్‌స్పెక్టర్ సారు ఇంటికి రాలేదు, ఫోన్‌లోనే చెప్పాడు. ఇప్పుడు నాయిన మేళ్లచెరువు దగ్గర సిమెంటు లారీలకు టార్పాలిన్ పట్టాలు కట్టడానికి పోతున్నాడు. నాతో మాట్లాడతాడు, మునుపటిలాగానే. అమ్మ మాత్రం నేను డైరీ తీస్తే లేచి వాకిట్లోకి వెళ్లిపోతుంది.

మిషన్ అనుమతి మీద ఆర్డరు వచ్చిందని నాకు షాపులో ఉండగానే తెలిసింది. వెబ్‌సైట్‌లో పెట్టారు. ప్రింటు తీసుకుని పెదనాయినకు ఫోన్ చేశాను. ఆయన రెండో రోజు మిల్లు పని ఎగ్గొట్టి కోదాడ వచ్చాడు. షాపులో ఆధార్ జిరాక్సుల కోసం నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ల పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టాను.

"మొత్తం సదువు. ఇడిసిపెట్టకు."

ఆర్డరు ఇంగ్లీషులో ఉంది. ఒక్కొక్క లైనూ తెలుగులో చెప్పాను. అనుమతిని ఇరవై ఏళ్లకు పొడిగిస్తున్నాం. సైరన్ షరతు పాత అనుమతిలోనే ఉంది, దాన్ని పాటించాలి. గేజీ బుక్కు నమ్మదగినది కాదని, ఇంటి మనుషులతో రాయిస్తున్నారని విచారణలో తేలింది. కాబట్టి ఇకమీదట ఆ చోట నీటి మట్టాన్ని కంపెనీయే సొంత ఖర్చుతో మీటరు పెట్టి కొలిచి ఆఫీసుకు పంపాలి.

"అంటే?" అన్నాడు.

"నీళ్లు ఇడిసేటోళ్లే ఎంత ఇడిసిండ్రో చెప్తరు పెదనాయినా."

ఆయన తల ఊపాడు. "నా పెండ్లాం సంగతి ఏం రాసిండ్రు?"

అది చివరి పేజీలో ఉంది. చూపించిన ఆధారాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నందున మరణానికి కారణం నిర్ధారించలేకపోయాం అని.

"జారిందని లేదా?"

"లేదు."

"నీళ్లు లేసినయని?"

"అదీ లేదు."

"మల్ల సదువు."

మళ్లీ చదివాను. షాపు యజమాని అవతల నుంచి, "అమ్మాయ్, గిరాకీలు నిలబడ్డరు" అన్నాడు. నేను లేవలేదు. పెదనాయిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"గిది మల్ల ఎప్పుడు అడుగుతరు జనాన్ని?"

"గడువు అయినప్పుడు. ఇరవై ఏండ్లకు."

వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. "గప్పటికి నేనుండ. మీ నాయిన గుడ ఉంటడో లేదో. నువ్వు ఉంటవ్." లేచి నిలబడ్డాడు. "గప్పుడు కాయితం రాయకు. అందరి ముంగట లేసి నోటితోని చెప్పు."

సరే అన్నాను.

"ఏందీ?" అన్నాడు, చెవి ఇటు తిప్పి.

మళ్లీ అన్నాను.